కరెంటు పోయిన ప్రతిసారీ రూటర్ కాన్ఫిగరేషన్ ఖాళీ, సేవ్ చేసినా నిలవడం లేదు

మహేంద్రతనయ, పర్లాకిమిడి
సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. కంప్యూటర్ సర్వీసు, సీసీ కెమెరాలు బిగించే పని చేస్తాను. రూటర్ కమాండ్ లైను నాకు కొత్త. ప్యాకెట్ ట్రేసర్ అనే సాధన సాఫ్ట్‌వేర్‌లో కొన్ని నెలలు నేర్చుకున్నాను కానీ నిజమైన పెట్టె మీద చెయ్యి పెట్టడం ఇదే మొదటిసారి.

ఇక్కడ ఒక బట్టల షాపు ఉంది. కొట్టు పర్లాకిమిడిలో, గోడౌన్ సరిహద్దు దాటి పాతపట్నంలో. అంటే కొట్టుకి ఒడిశా కరెంటు, గోడౌన్‌కి ఆంధ్రా కరెంటు. రెండు చోట్లా ఒకే బిల్లింగ్ నడవాలని ఓనరు గారు సెకండ్ హ్యాండ్‌లో రెండు సిస్కో 2911 రూటర్లు కొన్నారు. నిన్న కొట్టు వైపు దానికి కన్సోల్ కేబుల్ (రూటర్‌ని నేరుగా లాప్‌టాప్‌కి కలిపేది) పెట్టి కాన్ఫిగర్ చేశాను. కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, అక్కడ కొట్టింది మామూలు ఇంగ్లీషు అక్షరాల్లోనే:

ఎనేబుల్
కాన్ఫిగర్ టెర్మినల్
హోస్ట్‌నేమ్ కొట్టు
ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 0/1
ఐపీ అడ్రస్ 192.168.10.1 255.255.255.0
నో షట్‌డౌన్
ఎండ్

తర్వాత బ్రాడ్‌బ్యాండ్‌కి లాగిన్ అయ్యే డయలర్, లోపలి కంప్యూటర్లన్నీ ఒకే నెట్ అడ్రసు పంచుకునే నాట్, వాటికి ఐపీలు ఇచ్చే డీహెచ్‌సీపీ అన్నీ పెట్టాను. నెట్ వచ్చింది. సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. చూస్తే ఏమీ లేదు, నేను పెట్టిన పేరు కూడా పోయి ఉత్త "రూటర్>" అని కనిపిస్తోంది. రాత్రి పదకొండు దాకా కూర్చుని మళ్లీ మొత్తం కొట్టాను. ఈరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, మళ్లీ ఖాళీ. కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉన్నారు, చేత్తో బిల్లులు రాశారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

బరంపురం పట్టు, బరంపురం
సోమవారం రాత్రి 9:55

సేవ్ చేయలేదేమో తమ్ముడూ. నేనూ నేర్చుకుంటున్నదాన్నే, మా క్లాసులో మొదటి రోజు అందరం చేసిన తప్పు అదే.

నౌపడా లైన్, గుణుపూర్
సోమవారం రాత్రి 10:10

నేను కాలేజీ ల్యాబ్‌లో ఈ పాఠమే చెబుతాను. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మీది, కాబట్టి వాడుక మాటల్లోనే చెబుతాను.

రూటర్‌లో రెండు కాన్ఫిగరేషన్లు ఉంటాయి. ఒకటి రన్నింగ్-కాన్ఫిగ్, ఇది ర్యామ్‌లో ఉంటుంది. నువ్వు ఎంటర్ నొక్కిన ప్రతి లైనూ ఆ క్షణమే దీనిలోకి వెళ్లి అమలైపోతుంది. "అప్లై" అని వేరే బటన్ ఉండదు. కరెంటు పోతే ఇది పోతుంది. రెండోది స్టార్టప్-కాన్ఫిగ్, ఇది ఎన్‌వీర్యామ్‌లో ఉంటుంది, కరెంటు లేకపోయినా ఉంటుంది. రూటర్ లేచినప్పుడు దీన్ని చదివి ర్యామ్‌లోకి తెచ్చుకుంటుంది. మొదటిదాన్ని రెండోదానిలోకి ఎక్కించడం మన పని: "కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్". పాత అలవాటున్నవాళ్లు "రైట్ మెమరీ" అంటారు, లేదా ఉత్త "రైట్". పని ఒకటే.

నువ్వు రాసిన వరసలో "ఎండ్" తర్వాత ఇది కనిపించలేదు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
సోమవారం రాత్రి 10:18

మాస్టారూ, మొదటిరోజు మర్చిపోయానేమో అని నాకూ అనుమానం వచ్చింది. కానీ రాత్రి రెండోసారి కొట్టాక కచ్చితంగా సేవ్ చేశాను. "బిల్డింగ్ కాన్ఫిగరేషన్" అని వచ్చి, కింద బ్రాకెట్లలో "ఓకే" అని కూడా వచ్చింది. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నాను. అయినా పోయింది.

కొరాపుట్ కొండ, జయపురం
సోమవారం రాత్రి 10:31

సెకండ్ హ్యాండ్ సరుకు కదా, ఎన్‌వీర్యామ్ చెడిపోయి ఉంటుంది. తిరిగి ఇచ్చేయండి. అసలు బట్టల షాపుకి ఇంత పెట్టె ఎందుకు? బ్రౌజర్లో తెరిచి క్లిక్ చేసుకునే చిన్న రూటర్లు ఉన్నాయి కదా.

మజ్జిగౌరి, రాయగడ
సోమవారం రాత్రి 10:40

బాబూ, ఒక్క నిమిషం ఆగు. ఇప్పుడు ఏమీ కొట్టకు. ముఖ్యంగా "రైట్" కొట్టకు. ఇప్పుడు ర్యామ్‌లో ఉన్నది ఖాళీ కాన్ఫిగరేషన్. దాన్ని సేవ్ చేస్తే లోపల ఉన్న మంచిదాని మీద ఖాళీది పడుతుంది.

నాకు మూడు సంగతులు చెప్పు.

రూటర్ ఆన్ అయ్యాక "ఇనీషియల్ కాన్ఫిగరేషన్ డైలాగ్‌లోకి వెళ్లాలా, యెస్ ఆర్ నో" అని అడుగుతోందా?
"షో స్టార్టప్-కాన్ఫిగ్" కొడితే ఏం కనిపిస్తోంది?
"షో వర్షన్" కొట్టి, స్పేస్ నొక్కుతూ చివరికి వెళ్లు. అన్నిటికన్నా కింద లైనులో "కాన్ఫిగరేషన్ రిజిస్టర్ ఈజ్" అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎంత?

మహేంద్రతనయ, పర్లాకిమిడి
సోమవారం రాత్రి 11:02

అక్కా, షాపు మూసేశారు, ఓనరు గారిని అడిగి మళ్లీ షట్టర్ తీయించి చూశాను.

అవును, ఆ ప్రశ్న ప్రతిసారీ అడుగుతోంది. నేను "నో" అంటున్నాను. "షో స్టార్టప్-కాన్ఫిగ్"లో నేను రాత్రి పెట్టినదంతా ఉంది! పేరు, ఐపీలు, డయలర్, అన్నీ ఉన్నాయి! అంకె 0ఎక్స్2142.

మజ్జిగౌరి, రాయగడ
సోమవారం రాత్రి 11:09

అదే సంగతి. నీ తప్పు లేదు, పెట్టె కూడా చెడిపోలేదు.

ఆ అంకె మామూలుగా 0ఎక్స్2102 ఉండాలి. పాస్‌వర్డ్ తెలియని పాత రూటర్‌ని తెరవాలంటే, ఆన్ అయ్యేటప్పుడు కన్సోల్ నుంచి బ్రేక్ కీ పంపి రామ్‌మాన్ అనే అడుగు స్థాయికి వెళ్లి, ఈ అంకెని 2142 చేస్తారు. అప్పుడు రూటర్ లేచేటప్పుడు స్టార్టప్-కాన్ఫిగ్‌ని చదవకుండా దాటేస్తుంది, పాత పాస్‌వర్డ్ అడ్డం రాదు. పని అయ్యాక తిరిగి 2102 చేయాలి. మీకు అమ్మినవాళ్లు ఆ ఆఖరి పని చేయలేదు. అందుకే నువ్వు ఎన్నిసార్లు సేవ్ చేసినా అది భద్రంగా లోపలే ఉంటోంది, రూటర్ మాత్రం దానివైపు చూడటం లేదు.

ఇప్పుడు ఈ వరసలోనే చేయి. ముందు "ఎనేబుల్". తర్వాత "కాపీ స్టార్టప్-కాన్ఫిగ్ రన్నింగ్-కాన్ఫిగ్". ఇటు నుంచి అటు, తిరగేసి కొట్టకు, చదువుకుని ఎంటర్ నొక్కు. పేరు మారి "కొట్టు#" అని రావాలి. అది వచ్చాక "కాన్ఫిగర్ టెర్మినల్", తర్వాత "కాన్ఫిగ్-రిజిస్టర్ 0ఎక్స్2102", "ఎండ్". మళ్లీ "షో వర్షన్" చూడు. 2142 అనే ఉంటుంది కానీ పక్కన "తర్వాతి రీలోడ్‌లో 2102 అవుతుంది" అనే అర్థంలో రాసి ఉంటుంది. అది కనిపించేదాకా సేవ్ జోలికి వెళ్లకు.

బరంపురం పట్టు, బరంపురం
సోమవారం రాత్రి 11:15

అక్కా, 2102కీ 2142కీ తేడా 40 కదా. ఆ 40 ఏమిటి?

నౌపడా లైన్, గుణుపూర్
సోమవారం రాత్రి 11:21

మంచి ప్రశ్న అమ్మా. ఇది పదహారు బిట్ల అంకె, హెక్స్‌లో (పదికి బదులు పదహారు ఆధారంగా లెక్క) రాస్తారు. ఒక్కో బిట్టూ ఒక్కో స్విచ్. హెక్స్ 40 అంటే ఆరో నంబరు బిట్టు ఒక్కటే ఆన్. "ఎన్‌వీర్యామ్‌లో ఉన్న కాన్ఫిగరేషన్ చదవకు" అని దానికి అర్థం. మిగతా బిట్లు రెండు అంకెల్లోనూ ఒకేలా ఉన్నాయి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
సోమవారం రాత్రి 11:34

"కొట్టు#" వచ్చింది! షో వర్షన్‌లో 2102 అవుతుందని చూపిస్తోంది. కానీ నెట్ రావడం లేదు. "షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్" కొడితే ఐపీలు సరిగ్గానే ఉన్నాయి, అన్ని పోర్టుల పక్కన "అడ్మినిస్ట్రేటివ్లీ డౌన్" అని ఉంది. కేబుళ్లు పీకి పెట్టాను, అంతే.

మజ్జిగౌరి, రాయగడ
సోమవారం రాత్రి 11:38

కేబుల్‌తో సంబంధం లేదు. ఇది నేను ముందే చెప్పాల్సింది.

రూటర్ పోర్టులు ఖాళీ కాన్ఫిగరేషన్‌తో లేచినప్పుడు మూసి ఉంటాయి. తెరిచి ఉన్న పోర్టుకి కాన్ఫిగరేషన్‌లో "నో షట్‌డౌన్" అనే లైను రాసుకోదు, మూసి ఉంటేనే "షట్‌డౌన్" అని రాస్తుంది. నువ్వు స్టార్టప్‌ని రన్నింగ్‌లోకి కాపీ చేసినప్పుడు పాతది చెరిగిపోదు, దాని మీద కలుస్తుంది. కలిసినదానిలో "తెరువు" అని చెప్పే లైను లేదు కాబట్టి పోర్టులు మూసే ఉన్నాయి. వాడే ప్రతి ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లి "నో షట్‌డౌన్" కొట్టు. నెట్ వచ్చాక, అప్పుడు "కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్".

మహేంద్రతనయ, పర్లాకిమిడి
మంగళవారం రాత్రి 12:06

వచ్చింది. సేవ్ చేశాను. తర్వాత నేనే ప్లగ్ పీకి, నిమిషం ఆగి, మళ్లీ పెట్టాను. ఆ నిమిషం ఓనరు గారూ నేనూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఈసారి ఆ యెస్ ఆర్ నో ప్రశ్న అడగలేదు. "కొట్టు>" అని లేచింది. నెట్ దానంతట అదే వచ్చింది.

అక్కా, మాస్టారూ, మీ ఇద్దరికీ దండాలు. షట్టర్ దింపి ఇంటికి వెళ్తున్నాను.

ప్రాణహిత గట్టు, సిరోంచ
మంగళవారం ఉదయం 7:20

థ్రెడ్ మొత్తం ఇప్పుడే చదివిన. మంచిగైంది తమ్ముడూ. కొరాపుట్ అన్న అడిగినదానికి ఒక మాట చెప్తా. క్లిక్ చేసే రూటర్లు ఇంటికి చాలు. రెండు ఊళ్ల మధ్య లింకు, ఎవరు ఎక్కడికి పోవాలో చెప్పే రూట్లు, రేపు ఏదన్నా ఆగిపోతే ఎక్కడ ఆగిందో చూసుడు, ఇవన్నీ కమాండ్ లైనులో తేటగా కనిపిస్తయి. ఇంకో సంగతి, కాన్ఫిగరేషన్ అంతా ఉత్త టెక్స్ట్. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టుకుంటే పెట్టె కాలిపోయినా ఇంకో పెట్టెలో పోసుకోవచ్చు.

పోసేటప్పుడు మాత్రం జాగ్రత్త. కన్సోల్ 9600 స్పీడులో సెకనుకు 960 అక్షరాలే పోతయి. పెద్ద ఫైలు ఒక్కసారి పేస్ట్ చేస్తే మధ్యలో అక్షరాలు రాలిపోతయి. టెరాటర్మ్ అనే కన్సోల్ సాఫ్ట్‌వేర్‌లో లైనుకు లైనుకు మధ్య ఆలస్యం పెట్టుకునే వీలుంది, అది పెట్టు. వాట్సాప్‌లో పంపించిన కమాండ్లు తీసుకోకు, ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాలు, కోట్‌లు, డ్యాష్‌లు మార్చొచ్చు.

నౌపడా లైన్, గుణుపూర్
మంగళవారం ఉదయం 8:05

పేస్ట్ గురించి ఇంకొకటి కలుపుతాను. "ఎనేబుల్ సీక్రెట్" లైను చివర ఒక ఖాళీ స్పేస్ ఉన్నా అది పాస్‌వర్డ్‌లో భాగమైపోతుంది. తర్వాత సరైన పాస్‌వర్డే కొడుతున్నా లోపలికి రానివ్వదు. మా ల్యాబ్‌లో ఒక బ్యాచ్ మొత్తం ఒక మధ్యాహ్నం దీనితోనే పోయింది. పాస్‌వర్డ్‌లో ప్రశ్నార్థకం కావాలంటే ముందు కంట్రోల్-వి నొక్కి తర్వాత ? కొట్టాలి, లేకపోతే రూటర్ దాన్ని సాయం అడిగినట్టు తీసుకుంటుంది.

బరంపురం పట్టు, బరంపురం
మంగళవారం ఉదయం 9:12

నాకు ఎప్పుడూ "ఇన్వాలిడ్ ఇన్‌పుట్ డిటెక్టెడ్" అనే వస్తుంది. దాన్ని చూస్తేనే భయం. అక్షరం అక్షరం మళ్లీ కొడతాను. దీనికి పద్ధతి ఏదైనా ఉందా?

నౌపడా లైన్, గుణుపూర్
మంగళవారం ఉదయం 9:40

ఉంది. ఆ మాట పైన ^ గుర్తు ఎక్కడ నిలబడిందో చూడు. దాని ముందు వరకు రూటర్‌కి అర్థమైంది, సరిగ్గా ఆ అక్షరం దగ్గర ఆగిపోయింది. ఉదాహరణకు నువ్వు "ఐపీ అడ్రస్ 192.168.10.1" దాకా సరిగ్గా కొట్టి మాస్క్‌లో (అడ్రసులో నెట్‌వర్క్ భాగం ఎంతో చెప్పేది, ఒక్కో అంకె 255 దాటకూడదు) 255.255.256.0 అన్నావనుకో, గుర్తు మాస్క్ దగ్గరే నిలుస్తుంది. మొదటి నుంచి వెతకక్కర్లేదు. పైబాణం నొక్కితే పాత లైను వస్తుంది, అక్కడ సరిదిద్దు.

"ఇన్‌కంప్లీట్ కమాండ్" వస్తే నువ్వు కొట్టినంతా ఒప్పే, ఇంకా ఏదో చెప్పాలి. అదే లైను చివర స్పేస్ కొట్టి ? పెట్టు, తర్వాత ఏం రావాలో జాబితా ఇస్తుంది. "యాంబిగ్యువస్ కమాండ్" వస్తే నువ్వు కుదించి కొట్టిన మాటకి ఒకటికన్నా ఎక్కువ అర్థాలున్నాయి. మరీ ముఖ్యంగా ఎక్కడ ఉన్నావో చూడు. "కొట్టు#" దగ్గర ఐపీ అడ్రస్ కొడితే ఒప్పుకోదు. బ్రాకెట్లో "కాన్ఫిగ్-ఇఫ్" అని కనిపిస్తేనే నువ్వు ఇంటర్‌ఫేస్ లోపల ఉన్నట్టు. నా అనుభవంలో పిల్లలు చేసే తప్పుల్లో సగం స్పెల్లింగ్ తప్పులు కావు, నిలబడాల్సిన గదిలో నిలబడకపోవడం.

ఒక సలహా. నేర్చుకునే మొదటి ఏడాది కమాండ్లు పూర్తిగా కొట్టండి. సగం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే నింపుతుంది.

ప్రాణహిత గట్టు, సిరోంచ
మంగళవారం ఉదయం 10:02

మాస్టారూ, ఇక్కడ మీతోటి ఒప్పుకోను. ఫీల్డులో "కాన్ఫ్ టీ", "ఇంట్ జీ 0/1", "నో షట్" అనే అందరూ కొడతరు. రాత్రి రెండు గంటలకు టవర్ కింద నిలబడి ఫోన్ వెలుతురులో పూర్తి మాట కొట్టే ఓపిక ఎవరికుంటది? పొట్టి మాటలు కూడా మొదట్నుంచే అలవాటు కావాలె.

నౌపడా లైన్, గుణుపూర్
మంగళవారం ఉదయం 10:20

పొట్టివి మీకు పనికొస్తాయి, ఎందుకంటే పూర్తివి మీ తలలో ఉన్నాయి. పొట్టివే నేర్చుకున్న కుర్రాడు "షో రన్" (నడుస్తున్న కాన్ఫిగరేషన్ చూపే కమాండు) చూపించే లైన్లు చదవలేకపోతున్నాడు. అక్కడ అన్నీ పూర్తి మాటలే ఉంటాయి కదా.

ప్రాణహిత గట్టు, సిరోంచ
మంగళవారం ఉదయం 10:26

అది నిజమే మాస్టారూ. చదవడానికి పూర్తివి రావాల్సిందే.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
బుధవారం రాత్రి 8:15

మళ్లీ నేనే. ఈరోజు గోడౌన్ రూటర్ పెట్టాను. కొట్టు డాబా మీద ఒక వైర్‌లెస్ రేడియో, గోడౌన్ మీద ఒకటి, ఒకదానికొకటి ఎదురుగా బిగించాం. మధ్య లింకుకి 10.10.10.1, 10.10.10.2 పెట్టి మాస్క్ 255.255.255.252 ఇచ్చాను. గోడౌన్ లోపల 192.168.20.0.

కొట్టు రూటర్‌లో "ఐపీ రూట్ 192.168.20.0 255.255.255.0 10.10.10.2" కొట్టాను. రూటర్ నుంచి 192.168.20.1కి పింగ్ (అవతలిది పలుకుతోందా అని చూసే పరీక్ష) చక్కగా పోతోంది, ఐదుకి ఐదు. కౌంటర్ కంప్యూటర్ నుంచి ఒక్కటీ పోవడం లేదు. యాంటీవైరస్ ఆపేశాను, ఫైర్‌వాల్ ఆపేశాను.

ప్రాణహిత గట్టు, సిరోంచ
బుధవారం రాత్రి 8:24

ముందు ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చెయ్యి. గోడౌన్ రూటర్‌లో 192.168.10.0కి రూట్ రాసినవా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి
బుధవారం రాత్రి 8:27

లేదన్నా. గోడౌన్ వైపు నుంచి ఎవరూ ఇటు రావక్కర్లేదు కదా అని రాయలేదు.

ప్రాణహిత గట్టు, సిరోంచ
బుధవారం రాత్రి 8:35

జవాబు రావాలె కదా తమ్ముడూ. నీ కౌంటర్ కంప్యూటర్ 192.168.10.25 అనుకో. దాని ప్యాకెట్ గోడౌన్ దాకా పోయింది. గోడౌన్ రూటర్ జవాబు పంపుదామని చూస్తే 192.168.10.25 ఎటు ఉందో దానికి తెల్వదు. పడేసింది. మరి రూటర్ నుంచి ఎట్ల పోయిందంటే, రూటర్ స్వయంగా పింగ్ చేసినప్పుడు బయటికి పోయే పోర్టు అడ్రసు, అంటే 10.10.10.1, పంపినవాడి పేరుగా పెట్టుకుంటది. 10.10.10.1 గోడౌన్ రూటర్‌కు తగిలే ఉంది, అది ఎవరూ చెప్పకుండనే తెలుసు. అందుకే ఐదుకి ఐదు.

ఇకనుంచి రూటర్ మీద పరీక్ష చేసినప్పుడు "పింగ్ 192.168.20.1 సోర్స్ 192.168.10.1" అని కొట్టు. కంప్యూటర్ తరఫున అడిగినట్టు అయితది. గోడౌన్ దాంట్లో "ఐపీ రూట్ 192.168.10.0 255.255.255.0 10.10.10.1" రాయి. పొరపాటున దాని సొంత అడ్రసే ఇస్తే, నెక్స్ట్ హాప్ (తర్వాతి మజిలీ) ఈ రూటరే అని తిప్పికొడతది, భయపడకు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
బుధవారం రాత్రి 8:58

పోతోంది అన్నా. రెండు వైపులా. గోడౌన్ స్టాకు కొట్టు కౌంటర్లో కనిపిస్తోంది. రెండింట్లోనూ సేవ్ చేశాను.

ఇంకొక్కటే మిగిలింది. కొట్టులో నెట్ ఉంది, పింగ్ పోతుంది, కొన్ని సైట్లు తెరుచుకుంటున్నాయి. కొన్ని మాత్రం సగం దాకా వచ్చి తిరుగుతూనే ఉంటాయి.

నౌపడా లైన్, గుణుపూర్
బుధవారం రాత్రి 9:20

మీ బ్రాడ్‌బ్యాండ్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) కదా. 1931లో గుణుపూర్ దాకా వచ్చిన మా రైలు లైను అప్పట్లో నేరోగేజ్, అంటే సన్న పట్టాలు. మద్రాసు–కలకత్తా మెయిన్ లైనులో వచ్చిన పెద్ద వ్యాగను నౌపడా దాటి మా వైపు వచ్చేది కాదు. సరుకు అక్కడ దింపి చిన్న పెట్టెల్లో వేసుకోవాల్సి వచ్చేది. నీ నెట్‌లోనూ అలాంటి చోటు ఒకటి ఉంది.

ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండొచ్చు. పీపీపీఓఈ తన తలకట్టుకి 8 బైట్లు తీసుకుంటుంది, మిగిలేది 1492. పింగ్ చిన్నది కాబట్టి దూరిపోతుంది. పెద్ద పేజీ నిండు ప్యాకెట్లతో వస్తే ఆగుతుంది. విడగొట్టుకోమని చెప్పే ఐసీఎంపీ కబురును దారిలో ఎవరైనా ఆపేస్తే, పంపే సైటుకి సంగతే తెలియదు. అందుకే కొన్ని సైట్లకి జరుగుతుంది, కొన్నిటికి జరగదు.

డయలర్ ఇంటర్‌ఫేస్‌లో "ఐపీ ఎంటీయూ 1492" (ప్యాకెట్ గరిష్ఠ సైజు). కొట్టు లోపలి పోర్టులో, అంటే 0/1లో, "ఐపీ టీసీపీ అడ్జస్ట్-ఎంఎస్ఎస్ 1452" (ఒక ప్యాకెట్‌లో పట్టే అసలు డేటా). 1492లోంచి ఐపీ తలకట్టు 20, టీసీపీ తలకట్టు 20 తీసేస్తే 1452. విండోస్ నుంచి విడగొట్టవద్దనే ఆప్షన్‌తో 1464 బైట్ల పింగ్ పంపు (పింగ్ తలకట్టు 8, ఐపీ తలకట్టు 20 కలిపితే సరిగ్గా 1492), పోవాలి. 1465 పంపు, పోకూడదు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
బుధవారం రాత్రి 9:41

1464 పోయింది, 1465 పోలేదు. సైట్లన్నీ వస్తున్నాయి మాస్టారూ.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
గురువారం సాయంత్రం 4:10

గోడౌన్ రూటర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా కొట్టు నుంచి మాత్రమే రానివ్వాలని అనుకుంటున్నాను. గోడౌన్ కుర్రాళ్లు ఎవరైనా లాప్‌టాప్ పెట్టి దూరకుండా. కొట్టులోనే కూర్చుని చేయొచ్చా, వెళ్లాలా?

ప్రాణహిత గట్టు, సిరోంచ
గురువారం సాయంత్రం 4:32

కూర్చుని చేయొచ్చు, కానీ నా మీద పడ్డది విను. నేను సిరోంచలో కూర్చుని గడ్చిరోలిలో ఉన్న రూటర్‌కు ఒక యాక్సెస్-లిస్ట్ (ఎవరిని రానియ్యాలె, ఎవరిని ఆపాలె అని చెప్పే జాబితా) రాసి పోర్టుకు తగిలించిన. ఒక్కటే పర్మిట్ లైను. లిస్టు చివర కనిపించని "మిగతావన్నీ వద్దు" అనే లైను ఉంటదని తెలుసు, ఆ తొందరలో గుర్తు రాలేదు. ఎంటర్ నొక్కిన, స్క్రీన్ ఆగిపోయింది. నా సొంత కనెక్షన్ నేనే కోసుకున్న. బస్సెక్కి పోయి, కన్సోల్ పెట్టి, ఒక్క "నో" కొట్టి వచ్చిన. వానాకాలం, రోడ్డు సంగతి మీకు తెలుసు.

అప్పటినుంచి దూరం రూటర్‌లో చెయ్యి పెట్టేముందు "రీలోడ్ ఇన్ 10" కొడతా. పది నిమిషాల్లో నేను ఆపకపోతే రూటర్ దానంతట అదే రీస్టార్ట్ అయి, సేవ్ చేసిన పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తది. పని సక్కగైతే "రీలోడ్ క్యాన్సిల్". ముందుగా మంచి స్థితిని సేవ్ చేసి ఉంచాలె, మార్పు పరీక్షించేదాకా మళ్లీ సేవ్ చేయొద్దు.

మజ్జిగౌరి, రాయగడ
గురువారం సాయంత్రం 4:50

సిరోంచ తమ్ముడు చెప్పింది నిజం, మేమూ అదే చేస్తాం. కానీ బాబూ, గోడౌన్ రూటర్‌ని అమ్మింది కూడా అదే మనిషా? గోడౌన్‌లో ఇన్వర్టర్ ఉందా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి
గురువారం సాయంత్రం 4:53

అవునక్కా, రెండూ ఒకేచోట కొన్నారు. అక్కడ ఇన్వర్టర్ ఉంది, పెట్టినప్పటినుంచి ఒక్కసారి కూడా ఆగలేదు.

మజ్జిగౌరి, రాయగడ
గురువారం సాయంత్రం 4:55

రీలోడ్ మాట ఎత్తకముందు అక్కడ షో వర్షన్ చూడు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
గురువారం సాయంత్రం 5:01

2142.

కొరాపుట్ కొండ, జయపురం
గురువారం సాయంత్రం 5:08

అమ్మో. పది నిమిషాల తర్వాత ఖాళీగా లేచి ఉండేది.

మజ్జిగౌరి, రాయగడ
గురువారం సాయంత్రం 5:12

ఇప్పుడు నడుస్తున్న కాన్ఫిగరేషన్ నిండుగా ఉంది కాబట్టి ఇక్కడ పని తేలిక. "కాన్ఫిగ్-రిజిస్టర్ 0ఎక్స్2102", ఎండ్, సేవ్, షో వర్షన్‌లో తర్వాతి రీలోడ్ మాట చూడు. ఈ ఒక్కసారికి మాత్రం గోడౌన్‌కి వెళ్లి, కన్సోల్ పెట్టుకుని, నీ కళ్ల ముందు రీలోడ్ చేయించు. లేచాక తిరిగి వచ్చి యాక్సెస్-లిస్ట్ సంగతి చూద్దాం. ఆ పని చేసేటప్పుడు ఒక ఎస్ఎస్‌హెచ్ విండో తెరిచే ఉంచి, రెండో విండోతో కొత్తగా లోపలికి వెళ్లి పరీక్షించు. విటీవై లైన్ల (దూరం నుంచి లాగిన్ అయ్యే దారులు) మీద పెట్టే యాక్సెస్-క్లాస్ కొత్తగా వచ్చేవాళ్లనే ఆపుతుంది, లోపల ఉన్నవాళ్లని బయటకి తోయదు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
గురువారం రాత్రి 9:30

వెళ్లాను, రీలోడ్ చేశాను, సరిగ్గా లేచింది. తిరిగి కొట్టుకి వచ్చి "రీలోడ్ ఇన్ 10" పెట్టి మొదలుపెట్టాను. నేను కొట్టింది:

యాక్సెస్-లిస్ట్ 10 పర్మిట్ 192.168.10.0 255.255.255.0
లైన్ విటీవై 0 4
యాక్సెస్-క్లాస్ 10 ఇన్
ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్ఎస్‌హెచ్

రెండో విండో తెరిస్తే కనెక్షన్ రెఫ్యూజ్డ్. మొదటి విండో తెరిచే ఉంది కాబట్టి ఊపిరి ఆడింది. "డూ షో యాక్సెస్-లిస్ట్స్" కొడితే నేను రాసిన లైను వేరేగా కనిపిస్తోంది: పర్మిట్ 0.0.0.0, పక్కన 255.255.255.0. ఆరు నిమిషాలు మిగిలాయి, మాస్టారికి ఫోటో పంపాను.

నౌపడా లైన్, గుణుపూర్
గురువారం రాత్రి 9:44

మిగతావాళ్ల కోసం ఇక్కడా రాస్తున్నాను. ఇంటర్‌ఫేస్‌లో, ఐపీ రూట్‌లో మామూలు మాస్క్ ఇస్తాం. యాక్సెస్-లిస్ట్‌లో వైల్డ్‌కార్డ్ మాస్క్ ఇవ్వాలి, అది తిరగేసి ఉంటుంది. సున్నా అంటే "ఈ భాగం సరిగ్గా కలవాలి", 255 అంటే "ఏదైనా ఫర్వాలేదు". కుర్రాడు రాసినది రూటర్‌కి ఇలా వినపడింది: మొదటి మూడు భాగాలు ఏవైనా సరే, చివరి అంకె సున్నా అయితేనే రానివ్వు. అతని కంప్యూటర్ చివర 25 ఉంది. అక్కడ ఉండాల్సింది 0.0.0.255. రూటర్ దీన్ని తప్పుగా చూపించదు, ఎందుకంటే వ్యాకరణం ప్రకారం ఒప్పే. అందుకే రాసిన ప్రతి లైనునూ షో కమాండుతో తిరిగి చదివి చూసుకోవాలి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
గురువారం రాత్రి 10:05

ముందు "నో యాక్సెస్-లిస్ట్ 10" కొట్టి, 0.0.0.255తో మళ్లీ రాశాను. రెండో విండో తెరుచుకుంది. గోడౌన్‌లో ఉన్న కుర్రాడికి ఫోన్ చేసి అతని లాప్‌టాప్ నుంచి ప్రయత్నించమన్నాను, అతన్ని రానివ్వలేదు. రెండు నిమిషాలు మిగిలి ఉండగా "రీలోడ్ క్యాన్సిల్" కొట్టాను, స్క్రీన్ మీద నక్షత్రం గుర్తుల మధ్య "షట్‌డౌన్ అబార్టెడ్" అని వచ్చింది. తర్వాతే సేవ్ చేశాను.

రెండు రూటర్ల షో రన్, షో వర్షన్ ప్రింటు తీసి పాస్‌వర్డ్ లైన్లు కొట్టేసి ఓనరు గారి బీరువాలో పెట్టించాను. ఇది టైపు చేస్తుండగానే ఇక్కడ కరెంటు పోయింది. జనరేటర్ వేసేలోపు రూటర్ ఆగింది. ఇప్పుడే లేచింది, "కొట్టు>" అని ఉంది. కౌంటర్లో బిల్లు ప్రింటవుతోంది.